విధి అంటే డ్యూటీ

(సికింద్రాబాద్‌లో ఒక సంఘంలో జరిగిన యవ్వనస్తుల కూటమిలో చెప్పిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసింది. మాట్లాడినాయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు.)

వందనాలండీ అందరికీ. ప్రభువు నామంలో వందనాలు.

అయ్యగారు నన్ను పరిచయం చేస్తూ దైవజనులు, ప్రసంగీకులు అని ఏవేవో అన్నారు. అంత లేదమ్మా. నేను గూడ్సు బండి గార్డుని. ముప్పై నాలుగేళ్లు కాజీపేట నుంచి ఇటు సికింద్రాబాదు, అటు బెజవాడ, మధ్యలో డోర్నకల్ దగ్గర కొత్తగూడెం వైపు తిరిగే బొగ్గు బండ్లు, ఇదే నా లోకం. 2019లో దిగిపోయా. 2022 జనవరిలో రైల్వేవాళ్లు గార్డు అనే పేరు తీసేసి ట్రైన్ మేనేజర్ అని పెట్టారు. మా ఆవిడ ఇప్పటికీ అంటుంది, మీరు ఇంకో మూడేళ్లు ఆలస్యంగా పుట్టి ఉంటే నేను మేనేజరు గారి భార్యనయ్యేదాన్ని కదా అని. (నవ్వులు)

మీ అయ్యగారు ఫోన్ చేసి, జీవితానికి నిజమైన ఉద్దేశం ఏంటో పిల్లలకి చెప్పాలి అన్నప్పుడు నాకు టెన్షన్ పట్టుకుంది. ఎందుకంటే ఈ విషయం మీద నేను విన్న ప్రసంగాలు చాలావరకు ఒకేలా ఉంటాయి. దేవుడు నీ కోసం ఒక గొప్ప ప్లాన్ వేసిపెట్టాడు, దాన్ని నువ్వు కనిపెట్టాలి, కనిపెట్టావా ఇక నీకు తిరుగులేదు. వింటున్నంతసేపు బాగానే ఉంటుంది. ఇంటికెళ్లాక భయం మొదలవుతుంది. కనిపెట్టలేకపోతేనో? ఇరవై ఆరేళ్లొచ్చాయి, ఇంకా ఏమీ కనపడలేదు, పక్కవాడు ఎప్పుడో కనిపెట్టేసుకుని ఫోటోలు కూడా పెట్టేస్తున్నాడు, నా ప్లాన్ కాయితం దేవుడి దగ్గర ఎక్కడన్నా తప్పిపోయిందేమో అని. అవునా కాదా? తల ఊపుతున్నారు కొందరు.

నాకు ఆ భయం మీ వయసులో రాలేదు. మా ఇంట్లో అంత తీరిక లేదు. మా నాయన గ్యాంగ్‌మన్, పట్టాల మీద పని. రాత్రి కుటుంబ ప్రార్థనలో నాచేత బైబిలు చదివించేవాడు, ఆయనకి చదువు రాదు కాబట్టి. ఆయనకి ఇష్టమైన గ్రంథం ప్రసంగి. ఎందుకిష్టమో అప్పుడు తెలీదు. ఒక రాజు ఇళ్లు కట్టించుకున్నాడు, ద్రాక్షతోటలు వేయించుకున్నాడు, వెండీ బంగారమూ కూడబెట్టాడు, పాటకుల్ని పెట్టుకున్నాడు, ఆఖరికి కూర్చుని సమస్తము వ్యర్థమే అంటాడు. మాకేమో రెండు గదుల రైల్వే క్వార్టరు. ఆ రాజు బాధ నాకేం అర్థమవుతుంది? మా నాయన మాత్రం ముసిముసిగా నవ్వుకునేవాడు. రాజుకి కూడా తృప్తి లేదన్నమాట అని ఆయనకి అదో తృప్తి అనుకుంటా.

ఆ గ్రంథం చివర ఒక మాటుంది. దేవునియందు భయభక్తులు కలిగి ఆయన కట్టడల ప్రకారం, అంటే ఆజ్ఞల ప్రకారం నడవాలి అని చెప్పి, "మానవకోటికి ఇదియే విధి" అని ముగిస్తాడు. విధి. నేను చిన్నప్పుడు ఆ మాట చదివినప్పుడల్లా తలరాత అనే అనుకునేవాణ్ణి. మా కాలనీలో ఎవరికి ఏం జరిగినా, కాలు పోయినా కాపురం పోయినా, విధి అనేవాళ్లు కదా. అట్లాగే ఇదీ, మనిషి రాత ఇంతే, ఏం చేస్తాం అని దేవుడే నిట్టూర్చాడు కాబోలు అనుకున్నా. చాలా ఏళ్లు అట్లాగే చదివాను. ఉద్యోగంలో చేరాక ఒకరోజు నోటీసు బోర్డు మీద చూశాను, "విధులకు హాజరు కానివారిపై చర్య తీసుకోబడును" అని. అక్కడే ఆగిపోయా. ఓరి నీ! విధి అంటే డ్యూటీ కదా! ప్రసంగి చెప్పింది డ్యూటీ గురించి. మనిషికి తలరాత గురించి కాదు, వాడికి పడిన డ్యూటీ గురించి చెప్పాడాయన. ఒక్క మాటకి రెండర్థాలు ఉండడం వల్ల పదిహేనేళ్లు వాక్యాన్ని తిరగేసి చదివాను నేను.

డ్యూటీ అనగానే మీకు బోరు కొడుతుందని తెలుసు. మీవన్నీ లాప్‌టాప్ ఉద్యోగాలు, ప్యాషన్ ఉండాలి అంటారు. మాకు డ్యూటీ ఎట్లా పడేదో చెప్తా వినండి. సెల్‌ఫోన్లు లేని రోజులు. అర్ధరాత్రి ఒంటి గంటకి కాల్ బాయ్ అని ఒకతను సైకిలేసుకుని ఇంటికొచ్చి తలుపు కొట్టేవాడు. కాల్ బాయ్ అంటే బాయేం కాదు, యాభై ఏళ్ల మనిషి. ఒక పుస్తకం తెచ్చేవాడు, అందులో నా పేరు, బండి నంబరు, ఎన్నింటికి హాజరవాలో ఉండేది. సంతకం పెట్టించుకుని పోయేవాడు. అంతే. ఆ బండి ఎక్కడికెళ్తుంది, అందులో ఏముంది, నాకిష్టమా కాదా, ఆ కబుర్లేం ఉండవు. సంతకం పెట్టాక లేచి నీళ్లు పోసుకోవాలి, మా ఆవిడ టిఫిన్ డబ్బా సర్దాలి, పెట్టె ఎత్తుకోవాలి.

బైబిల్లో పిలుపులన్నీ నాకు ఇట్లాగే కనపడతాయి. మోషే ఎనభై ఏళ్లవాడు, మామగారి గొర్రెలు కాసుకుంటున్నాడు, ఉద్దేశం వెతుక్కుంటూ ఆ కొండకి పోలేదు. గొర్రెలకి మేత కోసం పోయాడు. అక్కడ దేవుడు పిలిచి నీ చేతిలోనిది ఏమిటి అని అడిగాడు. కర్ర అన్నాడు. ఎనభై ఏళ్లకి ఆయన దగ్గరున్న ఆస్తి అది. ఆయన మరి ఎన్ని సాకులు చెప్పాడు, నాకు మాట రాదు, వాళ్లు నమ్మరు, ఇంకెవర్నన్నా పంపు అని. కాల్ బాయ్ వచ్చినప్పుడు మేం కూడా అంతే, కడుపునొప్పి అనేవాళ్లం.

సరే, అసలు నేను చెప్పాలనుకుని వచ్చిన మనిషి గురించి చెప్తా.

డోర్నకల్ జంక్షన్‌లో నా బండి ఎన్ని గంటలు నిలబడిందో లెక్క లేదు. మహబూబాబాద్, గార్ల దాటితే డోర్నకల్. కొత్తగూడెం వైపు నుంచి బొగ్గు బండి వస్తే మెయిన్ లైన్ మీదకి దారి దొరకాలంటే ఎక్స్‌ప్రెస్‌లన్నీ పోవాలి. మూడు గంటలు, నాలుగు గంటలు ఊరికే కూర్చోవడం. టీ తాగడం, పేపరు చదవడం, సిగ్నల్‌ని తిట్టుకోవడం. ఆ ఊళ్లో ఒక పెద్ద చర్చి ఉందని తెలుసు, కెథడ్రల్ అంటారు. ఇరవై ఏళ్లపాటు ఒక్కసారన్నా పోయి చూడలేదు నేను. క్రైస్తవుణ్ణే, ఆదివారం తప్పితే మనసొప్పనివాణ్ణే. అయినా పోలేదు. ఒకసారి మాత్రం బండికి ఇంజను ట్రబుల్ వచ్చి రాత్రంతా ఉండాల్సొచ్చింది, రిలీఫ్ గార్డు వచ్చాడు, పొద్దున పని లేక నడుచుకుంటూ పోయా.

చూసి ఆశ్చర్యపోయా. చర్చి అంటే మనకి కోసుగా గోపురం, దాని మీద సిలువ అని ఒక బొమ్మ ఉంటుంది కదా తలలో. ఇది అట్లా లేదు. గుమ్మటాలు చూస్తే మసీదు గుర్తొస్తుంది, లోపల రాతి స్తంభాలు చూస్తే గుడి మండపం గుర్తొస్తుంది. మన నేల మీద మొలిచినట్టుంది. అక్కడొక పెద్దాయన చెప్పాడు, ఇది కట్టించింది అజరయ్య బిషప్ గారని, 1939 జనవరి 6న ప్రతిష్ఠించారని, ఆయన సమాధి కూడా ఇక్కడే ఉందని. వేదనాయకం శామ్యూల్ అజరయ్య. తెలుగువాడు కాదు. తమిళుడు. తిరునెల్వేలి ప్రాంతంలో వెల్లాలన్‌విళై అనే పల్లెలో 1874లో పుట్టాడు, తండ్రి పల్లెటూరి పాస్టరు. మరి తమిళాయన ఇక్కడికెందుకొచ్చాడు అని నాకు పట్టుకుంది. అప్పటినుంచి ఆయన గురించి దొరికిందల్లా చదివా.

ఆయన కథలో నన్ను పట్టేసిన ముక్క ఒకటుంది. అది చెప్పడానికే సికింద్రాబాదు వచ్చా.

అజరయ్య గారు చదువైపోయాక వై.ఎం.సి.ఏ.లో, అంటే క్రైస్తవ యువకుల సంఘంలో, సెక్రటరీగా చేరారు. 1895 నుంచి 1909 దాకా, పధ్నాలుగేళ్లు. మంచి ఉద్యోగం. ఊరూరా తిరగాలి, మీలాంటి యువకుల ముందు మాట్లాడాలి. బాగా మాట్లాడేవారు. పేరొచ్చింది. 1902లో శ్రీలంకలో జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు, చిన్న సంఘమే, తమ డబ్బుతో, తమ మనుషులతో ఇండియాకి సువార్తికుల్ని పంపుతున్నారు. అది చూసి ఈయనకి సిగ్గేసింది. అంతమంది క్రైస్తవులున్న మా తిరునెల్వేలి ఏం చేస్తోంది, తెల్లదొరలు వచ్చి అన్నీ చేస్తుంటే కూర్చుని తింటోంది అని. తిరిగొచ్చి 1903లో తిరునెల్వేలి ఇండియన్ మిషనరీ సొసైటీ అని మొదలుపెట్టారు. మన డబ్బు, మన మనుషులు, మన నిర్వహణ. ఆ సొసైటీ పని చేయడానికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలో డోర్నకల్. 1905 క్రిస్మస్ నాడు బెంగాల్లోని శ్రీరామ్‌పూర్‌లో దేశం మొత్తానికి ఇంకో సొసైటీ, దానికీ ఈయన పెద్ద దిక్కే.

ఇక సభల్లో ఏం మాట్లాడేవారు? కుర్రాళ్లారా, మీరు వెళ్లాలి. మీ భాష కాని ఊరికి, మీ జనం కాని జనం దగ్గరికి వెళ్లాలి. పంపాలి మనం, వెళ్లాలి మీరు. ఏళ్లపాటు ఇదే మాట. కొందరు వెళ్లారు కూడా. ఒకరోజు ఆయనకే తన మాట తనకి తగిలింది. అందర్నీ వెళ్లమంటున్నా, మరి నేనెందుకు వెళ్లను?

చూడండి, ఇక్కడ ఆకాశం నుంచి స్వరం రాలేదు, దర్శనం రాలేదు. ఎదుటివాళ్లకి చెప్పే సలహా తిరిగొచ్చి తన తలుపే కొట్టింది. నాకనిపిస్తుంది, చాలామందికి దేవుడి పిలుపు ఇట్లాగే వస్తుంది. మనం ఏ విషయంలో "ఎవరో ఒకరు చెయ్యాలండీ, ఎవరూ పట్టించుకోరు" అని పదేపదే అంటుంటామో, అక్కడ మన పేరు ఆ కాల్ పుస్తకంలో రాసి ఉంటుంది. మనం ఆ వరస చదువుకోం, అంతే. ఇది వాక్యంలో ఉందా అని అడగొద్దు. నా అనుభవంలో ఉంది, అజరయ్య గారి బతుకులో ఉంది.

1909లో ఆయన ఉద్యోగం వదిలి, పెళ్లాం పిల్లల్ని తీసుకుని డోర్నకల్ వచ్చేశారు. ముప్పై నాలుగు ముప్పై అయిదేళ్లు. ఆ వయసులో తెలుగు నేర్చుకున్నారు, ఓనమాల నుంచి. భార్య పేరు అన్బు, తమిళంలో ప్రేమ అని అర్థం, చదువుకున్న మనిషి, ఆమె కూడా వచ్చి ఈ పల్లెల్లో ఆడవాళ్ల మధ్య పనిచేశారు. ఎద్దుబండి మీద, సైకిలు మీద తిరిగేవాళ్లు. నేను రైలు కిటికీలోంచి చూసిన ఊళ్లే అవన్నీ. 1912 డిసెంబరు 29న కలకత్తాలో సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో ఆయన్ని బిషప్‌గా అభిషేకించారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండ్ చర్చి సంప్రదాయంలో, మొట్టమొదటి భారతీయ బిషప్. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. ఇది గొప్ప సంగతే, చరిత్ర పుస్తకాల్లో ఇదే రాస్తారు. నా మటుకు నాకు 1909 ఎక్కువ, 1912 తక్కువ. బిషప్ అవుతానని తెలిసి రాలేదు కదా ఆయన.

సరే, ఆ ఊళ్లలో ఎవరున్నారు? మన తాతముత్తాతలే. మాలపల్లె, మాదిగపల్లె. నిజాం రాజ్యంలో వెట్టి గురించి మీ పాఠ్యపుస్తకాల్లో ఒక పేరా ఉంటుంది. మా తాత చెప్పేవాడు, దొర కబురంపితే చేస్తున్న పని వదిలేసి పోవాలి, బరువు మొయ్యాలి, కూలీ లేదు. ఇవాళ మనం ఏసీ హాల్లో కూర్చుని నా జీవిత ఉద్దేశం ఏమిటి అని అడుగుతున్నాం. మా తాతని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు. వాడి ఉద్దేశం దొర పని. వాడికి ఒక ఉద్దేశం ఉండొచ్చని ఊళ్లో ఎవరికీ తట్టలేదు, వాడికీ తట్టలేదు.

అట్లాంటివాళ్లు బాప్తిస్మానికి వస్తే అజరయ్య గారు ఏం చేసేవారంటే, వాళ్ల చెయ్యి వాళ్ల తల మీదే పెట్టుకోమనేవారు. పెట్టుకుని పౌలు మాట చెప్పాలి. "అయ్యో, నేను సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అని. మొదటి కొరింథీ తొమ్మిదో అధ్యాయం. దానికి ముందు మాటేంటో చూడండి, ఆ "భారము నామీద మోపబడియున్నది".

(కాసేపు ఆగి) నాకిది చదివినప్పుడల్లా గొంతు పట్టేస్తుంది. ఎవరి నెత్తి మీదయితే పుట్టినప్పటినుంచీ ఇంకొకళ్ల మూటలే ఉన్నాయో, ఆ నెత్తి మీద వాడి సొంత చెయ్యి. నీ మీద ఒక భారం పెట్టాడు దేవుడు, అది దొరది కాదు, నీది, నువ్వు లేకపోతే ఆ పని ఆగిపోతుంది. అక్షరం రాని మనిషికి, మొదటి రోజే. ముందు నువ్వు బాగుపడు, చదువుకో, సెటిలవ్వు, తర్వాత నీ ఉద్దేశం సంగతి చూద్దాం అనలేదు. మనం ఇవాళ అట్లాగే అంటున్నాం. ప్యాకేజీ వచ్చాక దేవుడి పని, ఇల్లు కొన్నాక దేవుడి పని, ఈఎంఐ అయిపోయాక దేవుడి పని. ఈఎంఐ ఎప్పుడు అయిపోతుంది తమ్ముడూ? (నవ్వులు)

ఒక చేదు మాట కూడా చెప్పాలి, అయ్యగారు ఏమనుకోకూడదు. చెయ్యి తల మీద పెట్టుకుని అంత మాట చెప్పినవాళ్ల పిల్లలం మనం, ఆ తర్వాత ఏం చేశాం? ఈ పల్లెకో చర్చి, ఆ పల్లెకో చర్చి. వాళ్ల పెళ్లికి వీళ్లు పోరు. అజరయ్య గారు బతికుండగా కులం గురించి పోరుతూనే ఉన్నారు, ఆయన కూడా నాడార్ కులం, తక్కువచూపు అంటే ఏంటో పుస్తకాల్లో చదివి తెలుసుకున్న మనిషి కాదు. మనం ఇంకా సంఘం ఎలక్షన్లలో ఎవరెటో లెక్కలు వేసుకుంటున్నాం. ఇంకా ఎక్కువ చెప్తే నన్ను మళ్లీ పిలవరు.

ఇంకొక సంగతి. 1910లో స్కాట్లండ్‌లో, ఎడిన్‌బరోలో పెద్ద మిషనరీ మహాసభ జరిగింది. పన్నెండు వందల మందికి పైగా ప్రతినిధులు, అందులో ఆసియావాళ్లు ఇరవైమంది కూడా లేరు. అజరయ్య గారు లేచి మాట్లాడారు. మీరు మా పేదల కోసం మీ ఆస్తి ఇచ్చారు, మీ శరీరాల్ని కాల్చబడడానికి అప్పగించారు, కృతజ్ఞులం, కానీ మాకు ప్రేమ కూడా కావాలి, మాకు స్నేహితుల్ని ఇవ్వండి అన్నారు. ఆ మిషనరీల మొహం మీదే. కొందరికి కోపం వచ్చింది కూడా.

ఎందుకు చెప్తున్నానంటే, ఉద్దేశం అనగానే మనకి సేవ గుర్తొస్తుంది. సేవ అనగానే డిసెంబర్లో దుప్పట్లు పంచడం. నేనూ పంచా. స్టేషన్ బయట పడుకున్నవాళ్లకి, రాత్రి పదకొండింటికి లేపి మరీ. ఫోటో తీయించుకున్నాం. ఒక ముసలాయన దుప్పటి తీసుకుని, కూర్చోండి సార్ కాసేపు అన్నాడు. పక్కన జరిగి చోటిచ్చాడు. మాకింకా నలభై దుప్పట్లున్నాయి, టైం లేదు, వస్తాం తాతా అని వచ్చేశాం. ఆయన అడిగింది అదే కదా, అజరయ్య గారు అడిగిందే. ఈ సంగతి తట్టడానికి నాకు మూడు నాలుగేళ్లు పట్టింది. తట్టాక వెళ్లి చూస్తే ఆయన అక్కడ లేడు.

ఇక నా సంగతి. రిటైరయ్యాక మొదటి నెల బాగుంది. రెండో నెల నుంచి పిచ్చెక్కింది. రాత్రి ఒంటి గంటకి మెలకువ వచ్చేది, తలుపు కొట్టేవాళ్లు లేరు. అబ్బాయి బయట దేశంలో. మా ఆవిడకి వంటింట్లో నేను అడ్డం. ముప్పై నాలుగేళ్లు ప్రతి స్టేషన్లో నా బండి కోసం ఒకళ్లు నిలబడేవాళ్లు, ఇప్పుడు నేను రోడ్డు మీదకి పోతే ఎవరూ చూడరు. ప్రార్థన చేశా. ప్రభువా నా జీవితానికి ఇంకా ఏం ఉద్దేశం ఉంది అని. అరవై ఏళ్లకి వచ్చింది నాకు మీ భయం! జవాబేం రాలేదు.

మా సంఘంలో నేను కమిటీ మెంబర్ని. ప్రతి మీటింగులో లేచి ఒకే మాట చెప్పేవాణ్ణి, మన పిల్లలు లెక్కల్లో వెనకబడుతున్నారండీ, టెన్త్ తప్పుతున్నారు, ట్యూషన్లకి డబ్బుల్లేవు, ఎవరో ఒకరు సాయంత్రం కూర్చోబెట్టి చెప్పాలి. అందరూ అవునవును అనేవాళ్లు. మినిట్స్‌లో రాసేవాళ్లు. మళ్లీ నెల మళ్లీ చెప్పేవాణ్ణి. నాకది అలవాటైపోయింది, చెప్పాక ఏదో చేసినంత తృప్తి. ఒకరోజు మీటింగయ్యాక కుర్చీలు సర్దుతోంది మా చర్చి ఊడ్చే ఆమె. ఆమె మనవడే టెన్త్ తప్పాడు. చీపురు పట్టుకుని మామూలుగా, కోపం ఏం లేకుండా అడిగింది. "అయ్యా, మీరు ఖాళీగనే ఉంటున్నరు గదా?"

అంతే. కాల్ బాయ్ వచ్చాడు. (నవ్వులు, చప్పట్లు)

చప్పట్లు కొట్టకండి, కొట్టేంత కథ కాదు. నాకు చాలా కోపం వచ్చింది ముందు. నాకు లెక్కలు చెప్పడం రాదమ్మా, నేను బండి లెక్కలు రాసినవాణ్ణి అన్నా. నాకు బీపీ ఉంది అన్నా. మోషే చెప్పిన సాకులన్నీ ఒక్కొక్కటిగా చెప్పా, ఆమె వింటూ ఊడుస్తోంది. ఇంటికొచ్చి అటక మీంచి పాత బ్లాక్‌బోర్డు దించా, మా అబ్బాయిది. మర్నాటి నుంచి వరండాలో ఆరుగురు పిల్లలు. ఇప్పుడు తొమ్మిదిమంది. గొప్ప ఫలితాలు వచ్చాయని చెప్పను. ఆమె మనవడు రెండోసారి కూడా లెక్కలు తప్పాడు, మూడోసారి గట్టెక్కాడు, ఇప్పుడు ఐటీఐ. ఒకమ్మాయి మధ్యలో మానేసింది, పెళ్లి చేసేశారు, నేను వాళ్ల నాన్నతో గొడవపడ్డా, లాభం లేకపోయింది.

మా అబ్బాయి ఫోన్లో అడిగాడు, వాడికి దేవుడంటే ఇప్పుడు పెద్ద పట్టింపు లేదు, నాన్నా లెక్కలు చెప్పడానికి దేవుడెందుకు, నాస్తికులు కూడా చెప్తారు కదా అని. నిజమే. నాకంటే బాగా చెప్తారు కూడా. మా కాలనీలో ఒక కామ్రేడ్ మాస్టారు ఉన్నారు, దేవుడి పేరెత్తితే నవ్వుతారు, ఆయన దగ్గర చదివిన పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు. ఆయన్ని చూసి నేను టోపీ తీస్తా. కాబట్టి దేవుడు లేకపోతే మంచి పని జరగదని నేను అనను. నా సంగతి ఒకటి చెప్పగలను.

గూడ్సు గార్డు ఉద్యోగంలో అసలు కష్టం ఒంటరితనం. బండి చివర ఉండే బ్రేక్ వ్యాన్‌లో ఒక్కడివే. డ్రైవరు అర కిలోమీటరు పైన ఎక్కడో ముందు. రాత్రి రెండున్నరకి కేసముద్రం దగ్గర చీకట్లో పోతుంటే లోకంలో నువ్వొక్కడివే ఉన్నావనిపిస్తుంది. కానీ బండి ఆగకుండా స్టేషన్ దాటుతున్నప్పుడు, ఎంత అర్ధరాత్రయినా, ఎంత వానయినా, స్టేషన్ మాస్టరు ప్లాట్‌ఫారం మీదకొచ్చి పచ్చదీపం పట్టుకుని నిలబడతాడు. నేను ఇటునుంచి నా పచ్చదీపం చూపిస్తా. ఆల్ రైట్ సిగ్నల్ అంటాం. నీ బండి మొత్తం చూశా, చక్రాలు బాగున్నాయి, ఏదీ అంటుకోలేదు, ఏదీ ఊడిపోలేదు, పో అని. ఆయన మొహం నాకు తెలీదు, నా మొహం ఆయనకి తెలీదు. రెండు మూడు సెకన్లు. ఆ రెండు సెకన్ల కోసం ఆయన వానలో నిలబడ్డాడు.

నాకు విశ్వాసం అంటే అది. వరండాలో ఆ పిల్లాడికి మూడోసారి భిన్నాలు చెప్తున్నప్పుడు, వాడికి ఎక్కట్లేదు, నాకు ఓపిక లేదు, ఎవరూ చూడట్లేదు, ఏం ప్రయోజనం అనిపించినప్పుడు, ఎక్కడో చీకట్లో ఒకళ్లు పచ్చదీపం పట్టుకుని నా బండి చూస్తున్నారు అని నాకు నమ్మకం. అది తీసేస్తే కామ్రేడ్ మాస్టారు చెయ్యగలడేమో, నేను చెయ్యలేను. నేను అంత గట్టివాణ్ణి కాదు. అబ్బాయికి ఇదే చెప్పా. కాసేపు మాట్లాడలేదు. తర్వాత బీపీ మాత్ర వేసుకున్నావా అన్నాడు.

ఏదో చెయ్యెత్తుతున్నావు తల్లీ, అడుగు. మైకివ్వండి అమ్మాయికి.

(ఒక అమ్మాయి: అంకుల్, నేను సపోర్ట్ జాబ్ చేస్తున్నా, నైట్ షిఫ్ట్. రోజంతా కస్టమర్ల తిట్లు తినడమే. ఇదేనా నా ఉద్దేశం, లేక మానేసి ఏదన్నా వెతుక్కోవాలా?)

ఉద్యోగం మానెయ్యమని నేను చెప్పనమ్మా, ఇంట్లో ఎంతమంది నీ జీతం మీద ఉన్నారో నాకు తెలీదు. అజరయ్య గారు కూడా ఒక్క రోజులో మానలేదు, 1903లో మొదలైంది 1909కి తెగింది. పౌలు గుడారాలు కుట్టాడు, జీవనానికి, అది ఆయన ఉద్దేశం అని ఎక్కడా అనలేదు, సిగ్గూ పడలేదు. నువ్వొకటి చూసుకో. పనిలోగానీ ఇంట్లోగానీ సంఘంలోగానీ నువ్వు పదేపదే దేని గురించి సణుగుతుంటావు? ఎవరూ పట్టించుకోవట్లేదు అని ఏ విషయంలో అంటావు?

(అమ్మాయి: కొత్తగా చేరినవాళ్లు... అర్ధరాత్రి వాష్‌రూమ్‌లోకి పోయి ఏడుస్తుంటారు. వాళ్లకి ఎవరూ ఏం చెప్పరు.)

ఊఁ. (కాసేపు ఆగి) నేనేం చెప్పక్కర్లేదు నీకు.

టైం ఎంతయింది అయ్యగారూ? ఆరున్నరా? నన్ను ఇక వదిలెయ్యాలి మీరు, బండి ఉంది నాకు. భోజనం వద్దమ్మా, మా ఆవిడ పులిహోర కట్టిచ్చింది. రేపు సాయంత్రం భిన్నాల టెస్టు పెడతానని చెప్పొచ్చా పిల్లలకి, పేపరు ఇంకా రాయలేదు, రైల్లో కూర్చుని రాయాలి.